ఐదో ఫైలు యాడికి పోయింది

ముత్తియాల్‌పేట,
పుదుచ్చేరి,
9 జూన్ 2007.

చి.ల.సౌ. సుధకు, మేనమామ రంగరాజన్ దీవెనలు.

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. రెండుసార్లు కాగితం తీసి, రెండుసార్లూ మడిచి సొరుగులో పెట్టాను. చిత్తూరులో నీ సంసారం నీకుంది, ఇంట్లో కూర్చునే మా ఆఫీసుకు చేసిపెట్టే పని ఉంది. వీటి మధ్య అరవై రెండేళ్ళ మామ గోడు కూడా ఎందుకనిపించింది. కానీ ఈ గోడు ఇంకెవరికి చెప్పినా అర్థం కాదు. మీ అత్తకు చెప్పి చూశాను. "మేట్టుపాళయం ఆఫీసు దాకా పొయ్యి ఆ పెట్టె ముందర ఏడ్చేదానికి, ఇంట్లోనే ఏడ్చు. నాకు కరివేపాకన్నా దూసిపెడతావు" అంది.

సంగతేమిటంటే, కంటి ఆస్పత్రి ట్రస్టువాళ్ళ పోర్టల్‌కు ఐదు మాడ్యూల్స్ కావాలి కదా. మూడు కార్తికేయన్ చేశాడు. డాక్టర్ల పట్టిక నువ్వు చేసి పంపావు. రోగులకు టోకెను ఇచ్చేది నాకు ఇచ్చారు. నా బల్లమీది కంప్యూటర్‌లో నా మాడ్యూల్ నిక్షేపంగా నడుస్తుంది. పేరు అడుగుతుంది, వయసు అడుగుతుంది, ఏ కన్ను అని అడుగుతుంది, ఫలానా రోజు ఫలానా గంటకు రమ్మని చెబుతుంది. దాన్నే సర్వర్ ఎక్కించి పోర్టల్ తెరిస్తే, నా చోట పసుపు పేజీ, దానిమీద ఎర్ర అక్షరాలు. నువ్వడిగినది దొరకలేదని ఇంగ్లీషులో చెబుతుంది. పసుపూ కుంకుమా పెట్టి మరీ నన్ను సాగనంపుతోంది. ఇప్పటికి మూడుసార్లయింది.

సర్వర్‌ను నేను ముట్టకూడదు, కార్తికేయనే ముట్టాలి. మంచివాడే, మనవాళ్ళ పిల్లాడే, నోరు మాత్రం ఊరుకోదు. "ఏంది పెద్దాయనా, మీ టోకెను మళ్ళా పరలోకం పోయిండాదే!" అంటాడు. అని, మొత్తం తుడిచేసి మొదటినుంచి వరసగా ఎక్కిస్తాడు. తనవి మూడు, తర్వాత నాది, ఆఖరున నీ సీడీ. మళ్ళీ పసుపు పేజీ.

నేను ప్రెస్సులో ముప్ఫై మూడేళ్ళు అక్షరాలు పేర్చినవాణ్ణి. తమిళం, ఫ్రెంచి, మనవాళ్ళ పెళ్ళిళ్ళకు అప్పుడప్పుడు తెలుగు. పేజీ పేర్చి, ఇనుప చట్రంలో ఫారం బిగించి, రెండు చేతులతో పైకెత్తి చూసేవాళ్ళం. ఒక్క అక్షరం వదులుగా ఉన్నా టక్కున నేలమీద పడేది. ఒకసారి ఒక కాన్వెంటువాళ్ళ ప్రార్థన పుస్తకం ఎత్తితే సగం పేజీ నా పాదంమీద రాలింది. బొటనవేలి గోరు ఇప్పటికీ సరిగా లేదు. అది వేరే కథ. ఇప్పుడు కంపైల్ చేయడం కూడా నాకు ఫారం బిగించడంలాగే తోస్తుంది. రాసిన పేజీలన్నీ బిగించి ఒకే ఫైలు చేస్తాం, అసెంబ్లీ అంటాం, పేరొకటి పెడతాం. అది పోర్టల్‌లో బిన్ అనే ఫోల్డర్‌లోకి వెళ్ళి, మిగతావాళ్ళ ఫైళ్ళ పక్కన కూర్చుంటుంది. తేడా ఒక్కటే. ఇక్కడ ఏది రాలినా నేలమీద కనబడదు.

నిన్న అరవిందన్ పిలిచాడు. మా మేనేజరు, నీకు తెలిసినవాడే. టీ తెప్పించి, నేను తాగేదాకా ఆగి చెప్పాడు. "సార్, జూలై పద్నాలుగున ట్రస్టువాళ్ళు చూడ్డానికి వస్తారు. ఆ రోజుకు నిలబడకపోతే టోకెను మాడ్యూల్ చెన్నైలో రెడీమేడ్‌గా తీసుకుంటాను. ఆ తర్వాత మీకివ్వడానికి నా దగ్గర పని ఉండదు." తిట్టి ఉంటే ఎదురు చెప్పేవాణ్ణి. డిగ్రీ లేని ముసలివాణ్ణి కుర్చీ వేసి కూర్చోబెట్టే ఆఫీసు ఈ ఊళ్ళో ఇంకొకటి లేదని నాకూ తెలుసు, అతనికీ తెలుసు.

నీకేమైనా తోస్తే రాయి.

మామ.


చిత్తూరు,
18 జూన్ 2007.

మామకు సుధ నమస్కారాలు.

మీ ఉత్తరం మొదట నవ్వించింది, తర్వాత భయపెట్టింది. నాలుగు రోజులు ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు కోప్పడకండి. డాక్టర్ల పట్టికలో సెలవు రోజులు తప్పు చూపిస్తున్నాయని అరవిందన్ గారు ఫోన్ చేశారు. నిన్నంతా కూర్చుని సరిదిద్ది, మళ్ళీ కంపైల్ చేసి, ఈ ఉత్తరంతో పాటే సీడీ కొరియర్‌లో పంపుతున్నాను. ఈ ఫైళ్ళను ఈమెయిల్‌లో పెడితే దొంగల్ని పట్టుకున్నట్టు గేటు దగ్గరే ఆపేస్తారు కదా.

మీ ఉత్తరంలో కాన్వెంటు పుస్తకం ఉంది, అత్త కరివేపాకు ఉంది, నాకు కావలసింది మాత్రం లేదు. మీ అసెంబ్లీ బిన్‌లోకి అసలు చేరుతోందా? చూశారా? కార్తికేయన్ పక్కన నిలబడి, మన ఐదు పనులకు సంబంధించిన ఫైళ్ళు ఏమేం ఉన్నాయో, ఏ తేదీన ఏ గంటకు తయారయ్యాయో రాసి పంపండి. కథలు వద్దు. పట్టిక చాలు.

అత్తకు చెప్పండి, జూలైలో ఆడి నెల పుట్టాక వస్తానేమో.

సుధ.


ముత్తియాల్‌పేట,
26 జూన్ 2007.

సుధకు,

నీ సీడీ వచ్చింది, ఎక్కించాడు. డాక్టర్ల సెలవులు బ్రహ్మాండంగా కనబడుతున్నాయి. నా టోకెను మళ్ళీ పోయింది. నాలుగోసారి. ఆఫీసు ఆఫీసంతా నా వెనక నిలబడి చూసింది. టీ తెచ్చే మలర్ కూడా చూసి, "ఐయో పాపం, తాతది మాత్రమే పసుపుగా వస్తాది" అంది. కార్తికేయన్ ఊరుకోక, "పెద్దాయనా, ఒక పని చేద్దామా? రోగులు కూడా పసుపు పేజీ చూసి నేరుగా ఇంటికి పోతే, డాక్టర్లకు పని తప్పుతాది" అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. నవ్వకపోతే ఇంకా బాగుండదు.

కథలు వద్దన్నావు, సరే. ఇదిగో పట్టిక. బిన్‌లో పోర్టల్ సొంత ఫైళ్ళు ఒక గంపెడు ఉన్నాయి, అవి రాయలేదు. మనవి:

ప్రకటనలు, జూన్ 2, పగలు 11:15
ఫొటోలు, జూన్ 4, సాయంత్రం 4:05
విరాళాలు, జూన్ 5, సాయంత్రం 5:20
మనది, జూన్ 17, మధ్యాహ్నం 2:40

చూశావా? నా ఫైలు దాని చోట అది రాయిలా కూర్చుని ఉంది. కళ్ళారా చూశాను. ఉన్నదాన్ని పట్టుకుని దొరకలేదంటే నేనేం చేసేది? ఎదురుగా కూర్చున్నవాణ్ణి ఇంట్లో లేడని చెప్పే బంధువులా ఉంది ఈ పోర్టల్.

పోయిన ఏడాది మన ఊరికే పేరు మార్చారు. పాండిచ్చేరి పోయి పుదుచ్చేరి అయింది. బోర్డులు రాసేవాళ్ళకు మూడు నెలలు పండగ. సగం బోర్డులు ఇంకా పాతవే. అయినా పాత పేరు రాసిన ఉత్తరాలు కొత్త ఊరికి తప్పకుండా వస్తూనే ఉన్నాయి. మా పోస్ట్‌మన్ వేలాయుధానికి ఉన్న బుద్ధి ఇన్ని వేల రూపాయల సర్వర్‌కు ఎందుకు లేదో మీ చదువుకున్నవాళ్ళే చెప్పాలి.

పద్నాలుగో తేదీకి మూడు వారాలు కూడా లేదు.

మామ.


చిత్తూరు,
1 జూలై 2007.

మామా,

పట్టిక నాలుగుసార్లు చదివాను. మీరు నాలుగే రాశారు. మనం ఎక్కించినవి ఐదు. నాది యాడ?

పొరపాటున వదిలేశారేమో అనుకున్నాను. కానీ వదిలేసింది మీరు కాదు. జూన్ 17 ఆదివారం. మేట్టుపాళయంలో ఆ రోజు మీ ఆఫీసుకు తాళం. ఆదివారం మధ్యాహ్నం రెండూ నలభైకి మీరు భోంచేసి పడుకుని ఉంటారు. ఆ సమయానికి ఇక్కడ చిత్తూరులో నేను కంపైల్ బటన్ నొక్కాను. ఎందుకు గుర్తుందంటే, అది అయ్యేలోపల పాలు పొంగి స్టవ్ అంతా పాడైంది.

అంటే మీరు "మనది" అని రాసింది మీది కాదు. అది నా ఫైలు. మీ ఫైలు అక్కడ లేదు. నాది ఎక్కినప్పుడల్లా మీది పోతోంది. రెండు ఫైళ్ళకూ ఒకే పేరు ఉంటే తప్ప ఇలా జరగదు. ఒక ఫోల్డర్‌లో ఒక పేరుకు ఒకటే చోటు. ఆఖరున వచ్చింది ముందున్నదాన్ని తోసేసి కూర్చుంటుంది, ఒక్క మాటైనా అడగదు. తర్వాత పోర్టల్ మీ టోకెను కోసం ఆ ఫైలు తెరిచి వెతుకుతుంది. అందులో డాక్టర్లు ఉన్నారు, టోకెను లేదు. అందుకే దొరకలేదంటుంది.

మీ ఫైలు పేరు ఏమిటో రెండు ఉత్తరాల్లోనూ మీరు రాయలేదు. పట్టికలో కూడా "మనది" అని దాటేశారు. నేనూ నాది రాయలేదు. ఎందుకు రాయలేదో ఇప్పుడు రాస్తాను.

నేను నాదానికి అమ్మ పేరు పెట్టాను. జయమ్మాళ్ అని.

మీరేం పెట్టారు మామా?

సుధ.


ముత్తియాల్‌పేట,
5 జూలై 2007.

సుధా,

నీ ఉత్తరం ఆఫీసులో విప్పలేదు, మంచిదయింది.

నేనూ అక్క పేరే పెట్టాను.

ఎలా రాయమంటావే! మన ఇళ్ళలో పెద్దవాళ్ళ పేరు పిల్లకు పెడితే, ఆ పిల్లను ఆ పేరుతో తిట్టం, కనీసం పిలవం కూడా. పాప్పా అనో, చిన్ని అనో అంటాం. మా అమ్మ తన అత్తగారి పేరున్న మనవరాల్ని పద్ధెనిమిదేళ్ళూ "ఇదిగో" అనే పిలిచింది. మరి నేను "జయమ్మాళ్ పోయింది, జయమ్మాళ్ పనికిరాలేదు, జయమ్మాళ్‌ను తుడిచేసి మళ్ళీ పెట్టారు" అని ఏ చేత్తో రాసేది? అక్క పోయి రెండేళ్ళు కూడా నిండలేదు. కార్తికేయన్ మాడ్యూల్‌ను పరలోకం పంపిన ప్రతిసారీ నా లోపల ఏమవుతోందో అతనికేం తెలుసు.

ఎందుకు పెట్టానో నీకు తెలియాలి. ప్రెస్సు మూసేశాక ఏడాదిపాటు తిన్నెమీద కూర్చున్నాను. ఒకరోజు అక్క వచ్చి, లేవరా అని చెయ్యి పట్టుకుని మార్కెట్టు పక్కనున్న కంప్యూటర్ సెంటర్‌కు తీసుకుపోయింది. అక్కడంతా పదహారేళ్ళవాళ్ళు. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆమె లోపలికి పోయి, ఒక స్టూలు లాగి నా పక్కన వేసుకుని కూర్చుంది. ఆమెకు చదవడం రాదు, ఏ భాషలోనూ రాదు. మాస్టరు వచ్చి "నేర్చుకునేది ఎవరమ్మా?" అని అడిగితే, "ఈ పిల్లోడే సామీ" అంది. అప్పుడు నాకు యాభై ఐదు. పదిహేను రోజులు అలాగే వచ్చి కూర్చుంది, నేను పారిపోతానని. నేను మొదటినుంచి చివరిదాకా ఒక్కణ్ణే చేసిన మొదటి పని ఈ టోకెను. దానికి ఇంకే పేరు పెడతాను?

కాబట్టి నేను మార్చను. నువ్వు మార్చు. నీకు ఆమె తల్లి, కాదనను. కానీ నువ్వు పుట్టేనాటికే ఆమె ఇరవై ఆరేళ్ళుగా నాకు అక్క. పైగా నా ఉద్యోగం పోతుంది, నీది పోదు. ఎక్కడో ఉన్నదానివి, నీకు ఇంకో పేరు దొరకదా?

నాలుగుసార్లు నలుగురిలో నవ్వులపాలయ్యాను. అదంతా నీ ఫైలు వల్లనా! కోపంగా ఉంది. కోపం తగ్గాక రాద్దామనుకుంటే పద్నాలుగో తేదీ దాటిపోతుంది.

మామ.


చిత్తూరు,
9 జూలై 2007.

మామా,

ఏళ్ళు లెక్కపెడితే మీరే గెలుస్తారు. నేను వాదించను.

ఇంకో పేరు దొరకదా అన్నారు. ఆడపిల్ల పుడితే పెట్టాలని పదేళ్ళుగా దాచుకున్న పేరు అది. జనవరిలో డాక్టరమ్మ ఇక ఆశ పెట్టుకోవద్దని చెప్పేసింది. మీకు రాయలేదు, ఎవరికీ రాయలేదు. ఫిబ్రవరిలో ఈ పని వచ్చింది. కొత్త ప్రాజెక్టు తెరిస్తే పేరు ఏమిటని అడిగింది. అడిగింది కదా అని పెట్టేశాను. అంతే.

తప్పు నాది. మీకు ఎవరూ నేర్పలేదు, మీరు పుస్తకాలు చూసి నేర్చుకున్నారు. నాకు నేర్పారు. ముందు కంపెనీ పేరు, చుక్క, తర్వాత పని పేరు పెట్టాలి, అప్పుడు ఇంకొకరి ఫైలుతో తగువు రాదని మొదటి రోజే చెప్పారు. తెలిసీ పెట్టాను.

నాది మార్చేస్తున్నాను. ఇక్కడ రెండు రోజులుగా కరెంటు సరిగా లేదు. ఎలాగైనా రేపు సీడీ కొరియర్‌లో వేస్తాను, శుక్రవారానికి అందుతుందనుకుంటాను. మీరు మాత్రం తొందరపడి ఫోల్డర్‌లో ఫైలు పేరు చేత్తో మార్చొద్దు. ఫైలు లోపల కూడా అదే పేరు బిగించి ఉంటుంది. ప్రాజెక్టులో మార్చాలి, మళ్ళీ కంపైల్ చేయాలి, ప్రతి పేజీ పైనున్న మొదటి వరసలోనూ మార్చాలి.

సుధ.


ముత్తియాల్‌పేట,
18 జూలై 2007.

చి.ల.సౌ. సుధకు,

వారం రోజులుగా ఈ ఉత్తరం బాకీ పడ్డాను. వరసగా చెబుతాను, అడ్డు రాకు.

నీ ఉత్తరం రావడానికి ముందురోజే నా తెలివి నేను చూపించుకున్నాను. మన వీధిలో ఇద్దరు చంద్రన్లు ఉంటే ఏం చేస్తాం, ఇనిషియల్ చూసి పిలుస్తాం. అలాగే అక్క పేరుకు ముందు నా ఇనిషియల్ తగిలించాను. యాడ తగిలించాను? ఫైలు మీద, చేత్తో. డబ్బా మీద చీటీ మార్చినట్టు. కార్తికేయన్ ఎక్కించాడు. పసుపు పేజీ వచ్చింది, ఈసారి ఎర్ర అక్షరాలు రెండు వరసలు ఎక్కువ. బయటి పేరు ఒకటి, లోపలి పేరు ఒకటి, నిన్ను నమ్మను అంది. ఐదోసారి. అరవిందన్ తన గది తలుపు దగ్గరికొచ్చి చూసి, మళ్ళీ లోపలికి పోయాడు. కార్తికేయన్ కూడా ఆ రోజు జోకు వేయలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

మర్నాడు నీ ఉత్తరం అందింది. చదివాక చాలాసేపు మీ అత్తకు ఇవ్వలేదు. ఇచ్చాక ఆమె చదవలేక నా చేతే చదివించుకుంది. సగంలో నేను ఆగిపోతే, "చదువు" అంది. చదివాను. తర్వాత ఆమె, "ఇనిషియలూ వద్దు, ఏమీ వద్దు. ఆ పేరు ఆ పిల్లకు ఇడిచిపెట్టు" అంది. నేనప్పటికే అనుకున్నానని చెబితే నమ్మలేదు. నువ్వు నమ్ము.

ఇనిషియల్ తగిలించి సరిగా కంపైల్ చేసినా పోర్టల్‌కు అభ్యంతరం లేదు. అయినా తీసేశాను. దీన్ని పెద్ద త్యాగంగా అనుకోవద్దు. నీ సీడీ తెచ్చే కొరియర్‌ను నమ్ముకుని కూర్చునే ధైర్యం నాకు లేదు, అదీ ఒక కారణం. కంపెనీ పేరు, చుక్క, టోకెను. ఆస్పత్రి గుమాస్తా పెట్టిన పేరులా ఉంది. ప్రాజెక్టులో మార్చాను, మొదటి వరసలు పదకొండు పేజీల్లో మార్చాను, బిగించాను. శుక్రవారం సాయంత్రం ఎక్కించారు. పసుపు పేజీ. ఆరోసారి. కార్తికేయన్ నా పక్కన కుర్చీ లాక్కుని, "ఉండండి పెద్దాయనా, యాడో ఒకటి ఇడిచిపెట్టినారు. పేజీలు ఎన్ని?" అని అడిగాడు. పదకొండు అన్నాను. లెక్కపెట్టాడు. పన్నెండు. ఆ పన్నెండోది నేను ఏప్రిల్‌లో రాసి మర్చిపోయిన పేజీ, టోకెను రద్దు చేసుకోవడానికి. దాని పైన అక్క పేరు అలాగే ఉంది. అది మార్చి మళ్ళీ బిగించే సమయానికి కరెంటు పోయింది. శనివారం పొద్దున ఏడింటికి తాళం తీయించి మేమిద్దరమే కంపైల్ చేశాం.

ట్రస్టు అధ్యక్షుడు రామానుజం గారు పదకొండింటికి వచ్చారు, రిటైరైన హెడ్మాస్టరు. కీబోర్డు నన్ను తాకనివ్వలేదు. ఒక్కవేలితో తానే టైపు చేసుకున్నారు. డాక్టర్లు కనబడ్డారు. టోకెనూ వచ్చింది. "అక్షరాలు ఇంకొంచెం పెద్దవి చేయండి, చూసేది కళ్ళు కనబడనివాళ్ళు" అన్నారు. ఐదు నెలల్లో ఆ మాట మా ఎవరికీ తట్టలేదు.

వాళ్ళు వెళ్ళాక అరవిందన్ వచ్చి, "సార్, అక్షరాల సంగతి చూసేయండి. సోమవారం ఇంకో మాడ్యూల్ ఇస్తాను" అన్నాడు. బాగుందనీ అనలేదు, ఉండండనీ అనలేదు.

నీ కొత్త సీడీ శుక్రవారమే వచ్చింది. నేను విప్పలేదు, కార్తికేయన్‌కూ ఇవ్వలేదు. సర్వర్‌లో ఉన్నది నీ పాతదే, ఆ పేరుతోనే. నియమం ప్రకారం అది తప్పని నువ్వంటావు. ఇప్పుడు ఆ ఫోల్డర్‌లో ఆ పేరుకు తగువు లేదు కనుక అలాగే ఉండనీ. అరవిందన్ అడిగితే సీడీ గీతలు పడిందని చెబుతాను.

నీకు కోపంతో రాసిన ఉత్తరం చించేయి. ఆడి నెల మొదలై రెండు రోజులయింది, వస్తానన్నావు.

మామ.

19 పొద్దున. ఉత్తరం అంటించకముందు ఇది కూడా. పోర్టల్ నిన్న తెరిచారు, నిన్నంతా ఎవరూ రాలేదు. ఇవాళ తొమ్మిదీ పదికి ఒక టోకెను పడింది. దొరైస్వామి, డెబ్బై ఒకటి, కుడి కన్ను. సోమవారం పదింటికి రమ్మని చెప్పింది.